వంగిన కొలత

గుండీ అసలు పేరు బడి హాజరుపట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. మూడేళ్ళప్పుడు అమ్మ కుట్టుమిషను కింద దొరికిన తెల్ల గుండీ ఒకటి మింగేసింది. రెండు రోజులు ఇంటిల్లిపాదీ ఎదురుచూసినా అది బయటికి రాలేదు. "వస్తే దీని నోరు తెరుచుకునేది. లోపల్నుంచి గుండీ పెట్టేసుకుంది" అని నాన్న వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు. పదహారేళ్ళొచ్చినా ఆ మాట అబద్ధం కాలేదు. కొత్తవాళ్ళు గుమ్మంలోకి వస్తే గుండీ తలుపు చాటుకి పోతుంది. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు మనసులో తయారయ్యేలోపు అడిగినవాళ్ళు వెళ్ళిపోతారు.

ఆ ఇంటి ముందుగదే అమ్మ కొట్టు. ఒక మామూలు మిషను, అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను, ఇద్దరు పడుకోగలిగినంత కోత బల్ల, గోడకి నిలువుటద్దం. కిటికీ పక్కన చక్రాల్లేని సైకిలు ఒకటి. వీధి చివర సైకిళ్ళు బాగుచేసే నాన్న దాన్ని రెండు దుంగలకి బోల్టులతో బిగించి నిలబెట్టాడు. అందరూ దాన్ని మొండి సైకిలు అంటారు. సైకిల్ క్లబ్బు వాళ్ళ జెర్సీలన్నీ కుట్టేది అమ్మే. మిగతా దర్జీలు మనిషిని నిలబెట్టి కొలుస్తారు. అమ్మ నిలబెట్టి ఒకసారి, మొండి సైకిలెక్కించి ఒకసారి కొలుస్తుంది. మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక దగ్గర్నుంచి నడుం కిందిదాకా టేపు పెడితే, మనిషి హ్యాండిల్ మీదికి వంగినప్పుడు వీపు మూడు నాలుగు అంగుళాలు పొడుగవుతుంది. జెర్సీ వెనక భాగంలో ఆ పొడుగుకి చోటుండాలి. లేకపోతే నడుం బయటపడి చలిగాలి కొడుతుంది. ముందు భాగం మాత్రం పొట్టిగా ఉండాలి, లేకపోతే వంగినప్పుడు పొట్ట దగ్గర గుడ్డ ముద్దకడుతుంది. అందుకే కొలతల పుస్తకంలో ఒక్కొక్కరి పేజీలో రెండు గడులుంటాయి. ఒకటి నిలబడి, రెండోది వంగి.

ఏటా చలి తగ్గగానే క్లబ్బు వాళ్ళు కొండదారిలో వంద కిలోమీటర్లు తొక్కుతారు. ఇరవై రెండేళ్ళుగా ముందు సైకిలు నాన్నదే. క్లబ్బులో అందరికీ తొక్కడం నేర్పింది ఆయనే కాబట్టి అందరూ మాస్టారు అంటారు. ఈసారి కొత్త రంగు జెర్సీలు కావాలన్నారు. బడికి సెలవులు కావడంతో అమ్మ టేపు తీసి గుండీ మెళ్ళో వేసింది.

"కొలతలు నువ్వు తియ్యి. టేపుకి మాటలతో పనిలేదు" అంది.

నిజమే. టేపు మెళ్ళో ఉంటే గుండీకి అంత బెదురు ఉండేది కాదు. ఎదుటివాళ్ళ ముఖం చూడక్కర్లేదు, వీపు చూస్తే చాలు.

మొదటి రోజు బేకరీ బాబాయి వచ్చాడు. వీధిలో పిల్లలందరికీ ఆయన బాబాయే. పోయినేటి జెర్సీ తొడుక్కునే వచ్చి అద్దం ముందు నిలబడి పొట్ట లోపలికి పీల్చుకున్నాడు.

"అమ్మాయ్, ఈసారి కాస్త వదులుగా రాయి. పొట్టకి ఊపిరాడాలి."

అప్పుడే దుకాణం నుంచి వచ్చిన నాన్న గుమ్మంలో నిలబడి చేతి జిడ్డు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. "ఊపిరితిత్తులకి ఆడితే చాల్లేవోయ్. వదులుగా కుడితే లోపలికి గాలి దూరి గొడుగులా తెరుచుకుంటావు. ఎంత తొక్కినా ఉన్నచోటే ఉంటావు."

"అది కాదు మాస్టారూ, ముందంతా పైకి లేచిపోయి బొడ్డు కనిపిస్తోంది. మా ఆవిడ చూసి నవ్వుతోంది."

"నిన్ను నిలబడమని ఎవరన్నారు? నిలబడి చూసుకుంటే బాగున్నది సైకిల్ చొక్కా కాదు, పెళ్ళి చొక్కా. ఎక్కు. వంగు. ఇప్పుడు చెప్పు, చంక కింద లాగుతోందా?"

"లేదు."

"మెడ దగ్గర వేలు దూరుతోందా?"

"ఆ, దూరుతోంది."

"వెనక జేబులోకి చెయ్యి పోతోందా? జేబు ఊగుతోందా?"

"పోతోంది. ఊగట్లేదు."

"మరింకేం. మీ ఆవిణ్ణి కూడా సైకిలెక్కించు, నవ్వు ఆగిపోతుంది."

బాబాయి దిగుతూ గుండీ వైపు వంగి, గుట్టు చెప్పినట్టు అడిగాడు. "పోనీ ముందు ఒక్క జేబు పెట్టమ్మా. కళ్ళజోడు పెట్టుకుంటా."

"వంగేవాడికి ముందు జేబేమిటోయ్" అన్నాడు నాన్న. "మొదటి పల్లంలోనే నీ కళ్ళజోడు రోడ్డు పాలు. సైకిల్ చొక్కాకి జేబులన్నీ వీపు మీదే."

బాబాయి రొట్టెలు మాడిపోతాయంటూ పరిగెత్తాక నాన్న గోడకి ఆనుకుని చెప్పులు విడిచాడు. "ఇక నా వంతు."

అమ్మ మిషను మీంచి తల ఎత్తలేదు. "మీవి తియ్యక్కర్లేదు. నాకు తెలుసుగా."

"కొత్త దర్జీ పనితనం నేను చూడొద్దా" అంటూ నాన్న మొండి సైకిలు వైపు నడిచాడు. అమ్మ మిషను ఆగింది.

నాన్న నడుముకొచ్చిన జబ్బుని ఇంట్లో పట్టు అనేవాళ్ళు. పొద్దున లేచేసరికి పట్టు ఎక్కువగా ఉంటుంది, ఎండెక్కితే తగ్గుతుంది, అని రోజూ అనుకునే మాటే. డాక్టరు మాత్రం వేరేలా చెప్పాడు. వెన్నులో ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి, అతుక్కున్నవి మళ్ళీ విడవవు, సైకిలు మానేస్తే మంచిది అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. "మా ఇంట్లో నా వీపు కొలత ఏటా పుస్తకంలో రాస్తారు డాక్టరు గారూ. ఆ కొలత పడిపోయిన రోజు నేనే దిగిపోతాను" అన్నాడు. ఆ మాట ఇంటికొచ్చి గర్వంగా చెప్పుకున్నాడు కూడా.

గుండీ ముందు నాన్నని నిలబెట్టి కొలిచింది. ఇరవై అంగుళాలు. తర్వాత నాన్న కిటికీ ఊచ పట్టుకుని, ఒక కాలు దాటించి, కాసేపాగి, రెండో కాలు పెడల్ మీద పెట్టాడు. హ్యాండిల్ మీదికి వాలాడు. వేళ్ళ చివర్లు మాత్రం అందాయి. గుండీ ఆయన మెడ ఎముక మీద టేపు ఆనించి కిందికి లాగింది. మిగతావాళ్ళ వీపు విల్లులా గుండ్రంగా తిరిగేది. నాన్న వీపు బల్లచెక్కలా ఉంది. మనిషి తుంటి దగ్గర ముందుకి వాలాడు, అంతే. టేపు ఇరవైన్నర దగ్గర ఆగింది. తప్పు పట్టానేమోనని మళ్ళీ పెట్టింది. ఇరవైన్నరే.

"ఎంతొచ్చింది?" అన్నాడు నాన్న, తల తిప్పకుండా. మెడ తిరగడం మానేసి రెండేళ్ళయింది.

గుండీ నీళ్ళు నమిలింది. "రాసుకుంటాను నాన్నా."

"రాసుకోవడం కాదు, చెప్పమ్మా. నా వీపు నాకు కనిపించదు కదా."

"ఇరవై మూడు" అంది అమ్మ వెనక నుంచి. "ఏటా అదేగా."

"చూశావా. ఆ పుస్తకం ఒకసారి డాక్టరు గారికి చూపించాలి" అని నాన్న నవ్వి, ఎక్కినదానికంటే హుషారుగా కిందికి దిగాడు. చెప్పులు వేసుకుని ఈల వేసుకుంటూ దుకాణానికి పోయాడు.

గుండీ టేపు చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. అమ్మ మిషను మళ్ళీ మొదలైంది గానీ సూది కింద గుడ్డ లేదు.

మధ్యాహ్నం అమ్మ జిప్పులు తేవడానికి బజారుకెళ్ళినప్పుడు గుండీ పుస్తకం తీసింది. నాన్న పేజీ అన్నిటికంటే పాతది, మూలలు మెత్తబడిపోయాయి. వంగి అన్న గడిలో మొదటి పదిహేనేళ్ళూ ఇరవై నాలుగు. తర్వాత ఇరవై మూడూ ముప్పావు. ఇరవై మూడున్నర. ఇరవై మూడు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఇరవై మూడు, ఇరవై మూడు, ఇరవై మూడు, ఇరవై మూడు. పైన ఉన్న అంకెలు ఒకసారి వంకరగా, ఒకసారి తొందరగా రాసినవి. ఈ నాలుగూ మాత్రం కాపీ పుస్తకంలో దస్తూరిలా గుండ్రంగా, ఒకే తీరుగా ఉన్నాయి.

ఆమెకి పోయినేటి సంగతి గుర్తొచ్చింది. కొండదారిలో నీళ్ళ కోసం ఆగిన చోట, సీటు మీంచి ముందుకి జారి కాలు కింద పెట్టబోతూ నాన్న పక్కకి పడిపోయాడు. మణికట్టు విరిగింది. "ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగినట్టయింది" అన్నాడు. అక్కడ వెనక ఎవరూ లేరు. పట్టు వల్లే కాలు సరిగ్గా ఆనలేదని అందరూ అనుకున్నారు. కట్టు కట్టిన డాక్టరు అమ్మని పక్కకి పిలిచి, ఇలా అతుక్కుపోయిన వెన్ను సుద్దముక్కలా ఉంటుంది, మళ్ళీ పడితే విరిగేది మణికట్టు కాదు, అన్నాడు.

పాత గుడ్డల పెట్టె వెతికితే, ఆ రోజు నాన్న వేసుకున్న జెర్సీ అడుగున దొరికింది. ఉతికి, మడతపెట్టి, మీద ఇంకో గుడ్డ కప్పి ఉంది. వెనక మధ్య జేబు మూల చిరిగింది. జేబు కింద అంచు సాగిపోయి, అందులో నల్లగా ఒక గీత పడింది. సీటు తోలు రంగు. గుండీ దాన్ని కోత బల్ల మీద పరిచి టేపు పెట్టింది. ఇరవై మూడంగుళాల వీపుకి కోసిన జెర్సీ. ఇరవైన్నర వీపు మీద మిగిలిపోయిన రెండున్నర అంగుళాల గుడ్డ ఎక్కడికి పోతుంది? కిందికి జారి సంచిలా వేలాడుతుంది. జేబులో నీళ్ళసీసా ఉంటే ఇంకా వేలాడుతుంది. సీటు వెనక కొనకి తగులుకుంటుంది.

ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగినట్టు.

అమ్మ వచ్చేసరికి జెర్సీ బల్ల మీదే ఉంది. గుండీకి దాన్ని దాచాలని తోచలేదు. అమ్మ జిప్పుల పొట్లం కింద పెట్టి, చెంగుతో ముఖం తుడుచుకుని, బల్లకి ఇవతలే నిలబడిపోయింది.

"మీ నాన్నది ఇరవై మూడుకే కొయ్యి" అంది కాసేపటికి.

"ఇరవైన్నర వచ్చిందమ్మా."

"టేపు సరిగ్గా పట్టుకుని ఉండవు."

"రెండుసార్లు పట్టాను." గుండీ వేలు చిరిగిన జేబు మూల మీదికి వెళ్ళింది. "ఇది చూశావు కదా నువ్వు."

అమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది.

"నాలుగేళ్ళ కిందట ఇరవై రెండొచ్చింది. ఎంత అని అడిగారు. ముందేడు అంకె నోట్లో ఉందేమో, ఇరవై మూడు అని వచ్చేసింది. దిద్దుకుందామనుకున్నా. ఈలోపే మీ నాన్న దిగి, చూశావా, డాక్టర్లకేం తెలుసు అన్నారు. ఆ పూట కడుపునిండా తిన్నారు. తిని, ఈల వేసుకుంటూ దుకాణానికెళ్ళారు. ఇక ఎలా దిద్దను?"

"కొయ్యడమైనా సరిగ్గా కొయ్యొచ్చుగా."

"నీకు తెలీదు. ఆయనకి చూపు చాలు. పొట్టిగా కోస్తే తొడుక్కోగానే కనిపెట్టేస్తారు. ఇరవై మూడని చెప్పాక ఇరవై మూడుకే కొయ్యాలి. చెప్పింది నిలబెట్టాలంటే గుడ్డ కూడా అదే చెప్పాలి కదా." అమ్మ జెర్సీ వైపు చూడలేదు. "ఆయన పడిన రోజు దాన్ని విప్పింది నేనే. జేబు చూడగానే నాకు చేతులాడలేదు. కట్టు కట్టించుకుని ఆయన ఇటు పడుకుంటే, నేను అటు తిరిగి పడుకున్నా. చెబుదామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో."

"ఈసారి పడితే?" అంది గుండీ.

"కొలత పడిపోతే దిగిపోతానన్నారు. దిగిపోతే ఆయన ఆయనలా ఉంటారా?"

ఇద్దరూ ఆ చిరిగిన జెర్సీకి చెరోపక్కా కూర్చున్నారు. చివరికి అమ్మ లేచి, కత్తెర తీసి, గుండీ ముందు పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు వినిపించలేదు.

గుండీ కొత్త గుడ్డ పరిచింది. వీపు ముక్క మీద సుద్దతో ఇరవై మూడు దగ్గర ఒక గీత గీసింది. ఇరవైన్నర దగ్గర ఇంకో గీత గీసింది. రెండిటి మధ్యా నాలుగు వేళ్ళు పట్టేంత చోటు. ఆ చోటులోనే నాన్న నాలుగేళ్ళు సైకిలు తొక్కాడు. ఆ చోటే ఆయన్ని పడేసింది. చాలాసేపు రెండు గీతల్నీ చూసి, పైనున్న ఇరవైన్నర గీతలో కత్తెర పెట్టింది. వీపు వంగదు కాబట్టి ముందు భాగం పొడుగు పెంచాలి. బెల్టుదాకా వచ్చేలా పెంచింది. అలా కోస్తుంటే అది జెర్సీలా లేదు, మామూలు చొక్కాలా తయారైంది.

అమ్మ వంటింట్లోంచి వచ్చి ముక్కలు చూసింది. ఓవర్‌లాక్ మిషను ముందు కూర్చుని భుజాలు కలిపింది.

నాలుగో రోజు పొద్దున్నే నాన్న స్నానం చేసి వచ్చాడు. కొత్త జెర్సీ ఇస్తే తల దూర్చి, చేతులు దూర్చి, జిప్పు మెడదాకా లాక్కున్నాడు. చేత్తో వీపు తడుముకోబోయి, చెయ్యి సగమే వెళ్ళి ఆగిపోతే, గోడకి వీపు రాసి చూసుకున్నాడు.

"హాయిగా ఉందే. ఇన్నాళ్ళకి వీపుకి అతుక్కుంది. పోయినేటిది గోనెసంచిలా ఉండేది" అంటూ అద్దం వైపు తిరిగాడు.

జెర్సీ చాలా బాగా కుదిరింది. భుజాల దగ్గర ముడత లేదు. వెనక సంచి లేదు. ముందు అంచు తిన్నగా బెల్టు మీదికొచ్చి ఆగింది. నాన్న ఆ అంచుని చూశాడు. బొటనవేలితో పట్టుకుని కిందికి లాగి, వదిలి, మళ్ళీ చూశాడు. అమ్మ మిషను మీద చెయ్యి పెట్టుకుని నేల చూస్తోంది. గుండీకి గుండెలో ఏదో గట్టిగా తగులుకున్నట్టయింది, పదమూడేళ్ళ కింద మింగిన గుండీలా.

సరిగ్గా అప్పుడే బేకరీ బాబాయి రొట్టెల సంచి తగిలించుకుని గుమ్మంలోకొచ్చాడు.

"అబ్బో, మాస్టారు నిలబడితే పెళ్ళికొడుకులా ఉన్నారే. నేనడిగితే ఇలా కుట్టలేదు, ఆయనకైతే కుట్టారు. ఏం న్యాయమండీ ఇది" అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి సంచి సర్దుకున్నాడు. "మళ్ళీ వస్తాలెండి" అని రొట్టె ఒకటి బల్ల మీద పెట్టి మెల్లగా వెళ్ళిపోయాడు.

నాన్న అద్దంలోంచే అడిగాడు. "గుండీ, ఎంతొచ్చింది?"

ఈసారి అమ్మ వెనక నుంచి ఏమీ అనలేదు.

"ఇరవైన్నర నాన్నా."

నాన్న తల ఊపాలనుకుని భుజాలతో సహా కొద్దిగా ఊగాడు. "నాలుగేళ్ళూ ఇరవై మూడు కాదన్నమాట" అన్నాడు అమ్మతో.

"కాదు."

"నాకూ అనుమానం వచ్చేది. ఇంకోసారి అడిగితే నువ్వు నిజం చెప్పేస్తావని అడగలేదు."

అమ్మ మిషను మీంచి చెయ్యి తీసింది. "పోయినేడు మీరు పడింది పట్టు వల్ల కాదు. నేను వదిలేసిన గుడ్డ సీటుకి తగులుకుంది. లాగింది నేనే."

నాన్న కిటికీ దాకా నడిచి మొండి సైకిలు సీటు మీద చెయ్యి వేశాడు. ఎక్కుతాడేమోనని గుండీ అనుకుంది. ఎక్కలేదు. సీటు మీది దుమ్ము అరచేత్తో తుడిచి, ఆ చెయ్యి ప్యాంటుకి రాసుకున్నాడు.

"పడతానని లాగావా ఏంటి" అన్నాడు. కొంతసేపు బయటికి చూశాడు. వీధిలో ఎవరో పిల్ల సైకిలు మీద లేచి నిలబడి తొక్కుకుంటూ పోయింది. "కొండదారి మొదట్లో పెద్ద మలుపుంది చూడు. అక్కడ ఎవరో ఒకళ్ళు నిలబడి ఈల ఊదితే మంచిది. కొత్తవాళ్ళు అక్కడ బ్రేకు గట్టిగా పట్టేస్తారు."

"ముందు సైకిలు ఎవరిది మరి?" అంది అమ్మ.

"బేకరీ వాడికిచ్చేద్దాం. గాలికి వాడే అడ్డం. వెనకున్న వాళ్ళందరూ సుఖంగా తొక్కుతారు."

గుండీకి నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళు నిండిపోయాయి.

నాన్న జిప్పు కిందికి లాగి జెర్సీ విప్పడానికి చూశాడు. చేతులు అంత పైకి లేవలేదు. అమ్మ వచ్చి, పిల్లాడికి విప్పినట్టు, ఒక్కో చెయ్యీ విప్పింది. జెర్సీ ఆమె చేతుల్లో ఉండగా నాన్న అన్నాడు.

"వెనక జేబులు తీసెయ్. నా చెయ్యి అక్కడికి పోక మూడేళ్ళయింది. నీళ్ళసీసా ఎవరో ఒకళ్ళు తీసిచ్చేవాళ్ళు." కాస్త ఆగాడు. "ముందు ఒక జేబు పెట్టు. ఈల పెట్టుకుంటా."

ఆ గదిలో ఇన్నేళ్ళలో ఏ జెర్సీకీ ముందు జేబు పెట్టలేదు.

తర్వాత అమ్మ మిషను ముందు కూర్చుంది. వెనక జేబులు మూడూ కుట్టు ఊడదీసింది. ఆ గుడ్డలోంచే చిన్న చదరం ఒకటి కోసి, మడతలు పెట్టి, వేలితో అణిచింది. సూదిలోకి దారం ఎక్కించబోతే రెండుసార్లు తప్పింది. గుండీ వెళ్ళి ఎక్కించింది.

"ఏ వైపు పెట్టను?" అంది అమ్మ, తల ఎత్తకుండా.

నాన్న రెండు చేతులూ చూసుకుని, కుడిచెయ్యి నెమ్మదిగా ఎత్తి, ఎడమ ఛాతీ మీద పెట్టి చూశాడు. అందింది.

"ఇటు" అన్నాడు.